లింగం చేతబట్టి చెప్పిన మాట

పోయిన వారం బస్వమ్మను మఠం మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం పోయాం. పాపం, ఏడు రోజులుగా ఆమె అక్కడే ఉంది. ఒక చేత్తో ఎనిమిదేళ్ల కూతురు భాగీరథిని పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు బిగించుకుని. గుమ్మానికి అడ్డంగా రేవణసిద్ధప్ప పటేల్. "దొంగ బిడ్డకు లింగం గడ్తరా ఈ మఠంల?" అని అతను అడిగిన చోట ఆగాం.

మరచిపోయినవాళ్ల కోసం, ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. జహీరాబాదు గంజి, అంటే ధాన్యం మార్కెట్టు, వెనక సందులో ఉన్న ఈ మఠానికి సదాశివ స్వాములు గురువు. మూడేళ్ల కింద, డెబ్బై తొమ్మిదిలో, మఠంలో వీరభద్రుడి వెండి ముఖం పోయింది. వెండి సామాను తోమే పని బస్వమ్మ భర్త మాణిక్‌ది. అతను దాన్ని సంచిలో వేసుకుని పోతుంటే కళ్లారా చూశానని స్వాములు నలుగురిలో చెప్పారు. ఊరికే చెప్పలేదు. మెడలోని లింగకాయను, అంటే దీక్షనాడు గురువు ఇచ్చిన ఇష్టలింగాన్ని దాచుకునే ఆ వెండి కాయను, చేతబట్టి చెప్పారు. గురువు లింగం పట్టుకుని చెప్పిన మాట మీద ఆ ఊళ్లలో ఇంకో విచారణ ఉండదు. మాణిక్ ఊరు విడిచాడు. బొంబాయి పోయాడని బస్వమ్మ అందరికీ చెప్పింది.

ఇవాళ శ్రావణ సోమవారం. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు గురువు దీక్ష ఇచ్చి, లింగాన్ని అరచేతిలో పెట్టే రోజు. దీక్ష లేని పిల్లను భోజనాల బంతిలో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు. భాగీరథికి ఇవాళ దీక్ష కాకపోతే తండ్రి దొంగతనం ఆ పిల్ల నొసటన రాసినట్టే. బస్వమ్మ వచ్చింది అందుకే అని పటేల్ అనుకున్నాడు. మనమూ అనుకున్నాం.

"జరుగు పటేలా."

ఆ మాట లోపలినుంచి వచ్చింది. పలికింది నాగవ్వ. డెబ్బై ఏళ్ల మనిషి. యాభై ఏళ్లుగా మఠంలో వాకిలి ఊడ్చి, వంట వండి, వచ్చినవాళ్లకు వడ్డించే చెయ్యి ఆమెది. పటేల్ వెనక్కి చూశాడు.

"ఎవల బిడ్డకు కట్టాల్నో, ఎవల బిడ్డకు కట్టొద్దో చెప్పేటందుకు లోపల గురువున్నడు. నువ్వు స్లాబు ఏయించినవ్. గురువును ఏయించలే."

ఎవరో కిసుక్కున నవ్వారు. మఠానికి కొత్త స్లాబు వేయించినప్పటినుంచి పటేల్ మాటకు అక్కడ ఎదురు లేదు. కాని నాగవ్వ చేతి అన్నం తినకుండా పెరిగినవాడు ఆ చుట్టుపక్కల లేడు, పటేల్‌తో సహా. అతను మీసం సర్దుకుని పక్కకు జరిగాడు. బస్వమ్మ గడప దాటింది.

హాలులో పదకొండు మంది పిల్లలు తలస్నానం చేసి, నొసట మూడేసి విభూతి రేఖలతో పీటల మీద కూర్చున్నారు. ఝరాసంగం, కోహీర్, మొగుడంపల్లి వైపునుంచి వచ్చిన తల్లిదండ్రులు గోడలకు ఆనుకుని ఉన్నారు. పన్నెండో పీట ఖాళీగా ఉంది. అది ఎవరు వేశారో నాగవ్వను అడగండి, చెప్పదు. భాగీరథి తిన్నగా పోయి దాని మీద కూర్చుంది.

స్వాములు ఇంకా తెర వెనకే ఉన్నారు. ఆ తెర సంగతి చెప్పాలి. వాళ్ల గురువు పెద్ద స్వాములు బతికి ఉన్న రోజుల్లో ఇష్టలింగ పూజ అందరి ఎదుటే చేసేవారు. రేకుల కప్పు కింద, ఎడమ అరచేతిలో లింగం పెట్టుకుని, నీళ్లు పోసి, విభూతి పెట్టి, పిల్లలు చుట్టూ అల్లరి చేస్తున్నా రెప్ప వేయకుండా చూసేవారు. సదాశివ స్వాములు మాత్రం ఏడేళ్లనుంచి పూజగదికి కావిరంగు తెర కట్టించుకున్నారు. మనవాళ్లు ఊరుకుంటారా, దానికీ ఒక మహిమ అంటగట్టారు. స్వాములు రహస్య పూజ చేస్తున్నారట, ఆ తేజస్సు మామూలు కళ్లు తట్టుకోలేవట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంటే ధ్యానం చేస్తోందని దండం పెట్టే రకం మనం.

గంట మోగింది. తెర తొలగింది. స్వాములు బయటికి వచ్చారు. నలభై అయిదేళ్లు, నిండైన మనిషి, మంచి కంఠం. మెడలో వెండి లింగకాయ మెరుస్తోంది. పన్నెండో పీట మీద పిల్లను చూశారు, పక్కన నిలబడ్డ తల్లిని చూశారు. అడుగు ఆగిపోయింది.

"శరణు అయ్యగారూ," అంది బస్వమ్మ.

"శరణు. ఏం బస్వమ్మా."

"నా పిల్లకు దీక్ష ఇయ్యున్రని బతిలాడనీకె రాలే." మాట తడబడలేదు. రాత్రంతా వల్లె వేసుకుని వచ్చినట్టుంది. "మాణిక్ దొంగ అని ఆనాడు మూసిన లింగకాయ పట్టుకొని చెప్పిన్రు. ఇయ్యాల అది తెరువున్రి. లింగం అరచేతుల పెట్టుకొని, నా పిల్ల మొకం చూసుకుంట మల్లొక్కసారి చెప్పున్రి. చెప్పిన్రంటే నా పిల్లను లేపుకొని పోత. మల్ల ఈ గడప తొక్క."

గోడలకు ఆనుకున్నవాళ్లు ముందుకు జరిగారు. పటేల్ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "గంతేనా? చెప్పున్రి స్వాములూ. ఒక్కమాటనేగద. పిల్లలు ఆకలితోని ఉన్నరు."

స్వాములు అలవాటుగా చెయ్యి లింగకాయ మీద వేశారు. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆ హాలులో ఉన్నవాళ్లకు తెలియని ముచ్చట ఒకటి మీకు ఇప్పుడే చెప్పేస్తాను. దాచి ఊరించడం నాకు చేతకాదు. ఆ కాయలో లింగం లేదు.

డెబ్బై అయిదులో పటేల్ ఇంటి పెళ్లికి స్వాములు అతని జీపులో బీదరు బయలుదేరారు. దారిలో తెల్లవారితే మంజీరలో స్నానానికి దిగారు. లింగకాయ మూత ఎప్పుడు వదులైందో తెలియదు. ఒడ్డుకు వచ్చి చూసుకుంటే లోపల ఏమీ లేదు. పన్నెండేళ్ల వయసులో పెద్ద స్వాములు తన చేతిలో పెట్టిన లింగం అది. పోతే ఏం చెయ్యాలో ఆ గురువే చెప్పి ఉన్నారు. అది దొరికేదాకా, లేదా ఇంకో గురువు ముందు తప్పు ఒప్పుకుని మళ్లీ దీక్ష తీసుకునేదాకా అన్నం ముట్టరాదు, నీళ్లు ముట్టరాదు. సదాశివ స్వాములు నడుం లోతు నీళ్లలో ఇసుక దేవారు. గంటసేపు దేవారో లేదో, ఏం పోయిందో తెలియని పటేల్ ఒడ్డునుంచి పిలిచాడు. "ఎక్కున్రి స్వాములూ, ముహూర్తం దాటుతది!"

ఎక్కారు. అంతే జరిగింది. లింగం జారడం ఎవరికైనా జరగొచ్చు. జీపు ఎక్కడం మాత్రం ఆయన చేసిన పని. ఆ మధ్యాహ్నం పెళ్లిలో పోలెలు, అవే బొబ్బట్లు, వడ్డిస్తే నెయ్యి వేసుకుని తిన్నారు. కాయ మరీ తేలిగ్గా ఉంటే ఎవరైనా పసిగడతారని తాంబూలం పళ్లెంలోని వక్క ఒకటి అందులో వేసి మూత బిగించారు. రేపు చెబుదాం అనుకున్నారు. రేపటికి ఇంకో రేపు తోడైంది. మొదట్లో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. తర్వాత పట్టింది. అదే భయంకరమైన సంగతి.

నాలుగేళ్ల తర్వాత వెండి ముఖం పోయిన రోజు ఆయన నిజంగానే దొంగను చూశారు. కంబళి కింద దాచుకుని పోతున్నది పటేల్ చిన్న కొడుకు. సాయంత్రం పటేల్ వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఇంటి పరువన్నాడు, వాడికి బుద్ధి చెబుతానన్నాడు, మఠానికి స్లాబు వేయిస్తానన్నాడు. మాణిక్ పేరు కూడా అతనే అందించాడు. స్వాములు అప్పుడు తనకు తాను చెప్పుకున్న మాట వింటే మీకు నవ్వాలో ఏడవాలో తెలియదు. కాయలో ఉన్నది వక్క కదా, వక్క మీద ఒట్టేస్తే ఒట్టు ఎక్కడ తగులుతుంది, అనుకున్నారు. లింగం ఉండి ఉంటే అబద్ధం చెప్పి ఉండేవాణ్ని కాదు అని కూడా అనుకున్నారు. పోయిన దేవుణ్ని వెతుక్కోవాల్సిన మనిషి, దేవుడు లేకపోవడాన్నే వాడుకున్నాడు. కంచే చేను మేస్తే ఇక కాపెవరు చెప్పండి.

"చెప్పున్రి స్వాములూ," అన్నాడు పటేల్ మళ్లీ.

స్వాములు నోరు తెరిచారు. అబద్ధం నాలుక చివరనే ఉంది. మూడేళ్లు అరిగిన దారి, తేలిగ్గా వచ్చేదే. సరిగ్గా అప్పుడు ఆయన చూపు పన్నెండో పీట మీద పడింది.

భాగీరథి ఎడమ అరచెయ్యి చాచి కూర్చుంది. వేళ్లు దగ్గరగా చేర్చి, చెయ్యి రొమ్ము ఎత్తున ఉంచి, మోచెయ్యి ఒంటికి ఆనించి. మిగతా పిల్లలకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఈ పిల్లకు ఎవరో ముందే నేర్పారు. పెద్దల గొడవ తనకు పట్టనట్టు, లింగం వచ్చి చేతిలో వాలుతుందని ఎదురుచూస్తోంది. చెయ్యి కొంచెం కూడా కదలడం లేదు.

"నీకు ఎవలు నేర్పిన్రు బిడ్డా, చెయ్యి గట్ల పెట్టాలని?" అన్నారు స్వాములు. ఏదో ఒకటి మాట్లాడి కాసేపు గడపాలని అడిగారు.

"మా నాయన. చింతగింజ పెట్టి నేర్పిండు. చెయ్యి వణికితే లింగం భయపడ్తదన్నడు."

బస్వమ్మ గబుక్కున కూతురి భుజం నొక్కింది. స్వాములు అది గమనించలేదు. ఆయన తన చెయ్యి చూసుకుంటున్నారు. లింగకాయను పట్టుకున్న చెయ్యి, ఇంత లావు చెయ్యి, గాలికి ఆకులా ఆడుతోంది.

మూత తిప్పారు. ఏడేళ్లుగా తియ్యని మూత కిర్రుమంది. అరచేతిలోకి ఒంపారు. ఎండిపోయి, నల్లబడి, పుచ్చిన వక్క ఒకటి దొర్లి, చేతిలో నిలవక నేల మీద పడి, ఒక పిల్లవాడి పీట దగ్గర ఆగింది.

"ఇది లింగం గాదు," అన్నారు స్వాములు. "వక్క. ఏడేండ్ల సంది నా మెడల ఉన్నది ఇదే."

ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. ఒక తల్లి పిల్లను ఒడిలోకి లాక్కుంది. పటేల్ రెండడుగులు ముందుకు వేశాడు. "స్వాములకు తబియత్ బాగలేదు. ఉపాసముండి తల తిరుగుతున్నది. పర్ద ఎయ్యున్రి, పర్ద ఎయ్యున్రి!"

"తబియత్ ఇయ్యాల్నే బాగైంది పటేలా. ఎవ్వలు పర్ద ఎయ్యొద్దు."

ఆయన నిలబడే చెప్పారు. మంజీర సంగతి, జీపు సంగతి, పోలెల సంగతి, ఒక్కటీ వదలకుండా. చివరికి బస్వమ్మ వైపు తిరిగారు. "మాణిక్‌ను నేను చూడలే. ఉత్త కాయ పట్టుకొని ఉత్త మాట చెప్పిన. నీ పెనిమిటి దొంగ గాదు. నేను చూసింది ఇంకొకల్ని. ఆ పేరు ఇప్పుడు నేను చెప్తే నమ్మేటందుకు నా నోటికి ఇలువ లేదు. ఆ పేరు తెలిసినాయన ఇంకొకలున్నరు ఈడ. ఆయననే చెప్పాలె."

ఎవరినీ వేలుపెట్టి చూపలేదు. అయినా పటేల్ చెయ్యి దానంతట అదే భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే సామెత ఊరికే పుట్టలేదు. హాలులో ఇరవై జతల కళ్లు ఆ చెయ్యినే చూశాయి. అతను విసురుగా గుమ్మం దాకా పోయి తిరిగాడు. "ఈ స్లాబు ఎవలు ఏయించిన్రో యాదిల పెట్టుకోన్రి."

"పెద్ద స్వాములు రేకుల కిందనే కూసొని దీక్షలిచ్చిండు," అంది నాగవ్వ. "వాన గూడ పడ్డది. ఎవ్వలు సావలే."

పటేల్ బయటికి పోయాడు. ఎన్నడూ లేనిది, అతను పోతుంటే ఒక్కరూ లేచి నిలబడలేదు. సందులో జీపు తలుపు పడ్డ చప్పుడు వినబడింది గాని బండి కదిలిన చప్పుడు మాత్రం రాలేదు.

ఇంతలో మొగుడంపల్లినుంచి వచ్చిన ఎంకయ్య అనే రైతు లేచాడు. పెద్ద మాటకారి కాదు, ముఖం పాలిపోయి ఉంది. "అయ్యా, మా ఇద్దరు పోరగాండ్లకు పోయినేడు మీరే లింగం కట్టిన్రు. రోజు పూజ జేస్తున్నరు పిల్లలు. మరి అవి గూడ ఉత్తయేనా?"

ఇదీ అసలు ప్రశ్న. స్వాములను కొట్టినా ఇంత నొప్పి తెలిసేది కాదు. తను ఒక్కడే పడ్డాననుకున్నారు ఇన్నాళ్లు. తన వెనక తాడు కట్టుకుని ఎంతమంది నడుస్తున్నారో ఆ నిమిషంలో కనబడింది. ఆయన ఎంకయ్య వైపు ఒక అడుగు వేసేలోపే నాగవ్వ మళ్లీ అందుకుంది.

"పోస్టుమాను తాగుబోతైతే చిట్టీల రాసింది తప్పైతదా ఎంకయ్యా? మంత్రం ఈయనది గాదు, పెద్ద స్వాములది. ఆయనది గూడ గాదు, ఆయన గురువుది. లింగం నీ పిల్లలది. ఈయన నడుమల మోసుకొచ్చిండు, అంతే. నీ పిల్లలు పూజ జేస్తున్నరు గద? జెయ్యనియ్యి. ఫికర్ చెయ్యకు."

ఎంకయ్య కాసేపు ఆలోచించి కూర్చున్నాడు. ముఖంలోకి రంగు వచ్చింది. హాలంతా కాస్త ఊపిరి తీసుకున్నట్టయింది. అయినా ఒకరిద్దరు పిల్లలను లేపుకుని వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పు పట్టను.

స్వాములు లింగకాయను మెడలోంచి తీసి గురువుగారి గద్దె మీద పెట్టారు. "పెద్ద మఠానికి మనిషిని పంపున్రి. వచ్చే సోమారం ఆడి గురువు వచ్చి పిల్లలకు దీక్షలిస్తడు. మొదాలు బస్వమ్మ బిడ్డకే ఇయ్యాలె. నేను మంజీరకు పోత. దొరికేదాంక అన్నం ముట్ట. దొరకకపోతే ఆ గురువు కాళ్లనే పట్టుకుంట."

"ఏడేండ్ల కింద జారినదాన్ని ఏట్ల ఏడ దేవులాడుతవ్?" అంది నాగవ్వ. స్వాములు ఉలిక్కిపడ్డారు. పన్నెండేళ్ల పిల్లవాడిగా మఠానికి వచ్చిన రోజుల్లో తప్ప ఆమె ఆయన్ను నువ్వు అనలేదు.

ఆమె వంటింట్లోకి పోయింది. జొన్నల కుండలో చెయ్యి పెట్టి అడుగునుంచి చిన్న మూట తీసుకొచ్చింది. పాత తెల్లగుడ్డ, ముడి మీద ముడి. విప్పుతుంటే స్వాములు ముందుకు వంగారు. దొరికిందా? ఈమెకు దొరికిందా? గుడ్డ మడతల్లోంచి నల్లగా నిగనిగలాడే లింగం బయటపడింది. ఆయన రెండు చేతులూ చాచారు. తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకున్నారు. చేతులు మెల్లగా దిగిపోయాయి.

"ఇది నాది గాదవ్వా."

"నీదని ఎవలన్నరు? మాణిక్‌ది."

బస్వమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు ఒట్టు పెట్టిననాడు వాడు నీకు ఎదురు చెప్పలే. యాదున్నదా? బయటికొచ్చి నాతోని ఏమన్నడో ఎర్కనా? అయ్యగారు లింగం పట్టుకొని చెప్పిన్రంటే నేనే తీసి యాద్మరిచిన్నేమో అవ్వా, అన్నడు. ఇంట్ల చాటలు, గాబులు, గడ్డివాము, అన్ని దేవులాడుకున్నడు. తను దొంగిలించని వెండి మొకం తన ఇంట్లనే దేవులాడుకున్నడు. నీ మీద అంత నమ్మకం వానికి. మూడోనాడు పొద్దుగాల నేను వాకిలి ఊడుస్తుంటె వచ్చి, మెడల లింగం తీసి గడప మీద పెట్టిండు. గసుంటి అబద్ధానికి గూడ లింగం ఊకున్నదంటే నా మెడల ఎందుకవ్వా ఇది, అని పోయిండు."

నాగవ్వ కళ్లు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

"పరాయోల్ల లింగానికి పూజ చెయ్యొద్దంటరు. నేను పూజ చెయ్యలే. తల్లి లేని పసిపిల్లను చూసుకున్నట్టు రోజు ఇన్ని నీళ్లు పోసి తుడిచి పెడుతున్న. నీ సంగతి నాకు ఎర్క లేదనుకుంటున్నవా? నీ పూజబట్ట ఉతికేది నేను. ఏడేండ్లల ఒక్కనాడన్న అది తడవలే. లింగం మీద నీళ్లు పోసేటోని బట్ట ఎందుకు తడవదని నన్ను నేను అడుక్కున్న. నిన్ను అడగలే. గురువును అడుగుడేందని నోరు మూసుకున్న. ఆనాడే అడిగుంటే మాణిక్ ఉండేటోడు. నాది గూడ తప్పే." ఆమె ఖాళీ గుడ్డను మడిచింది. "పోయినయి రెండు లింగాలు. ఒకటి నీళ్లల జారింది. అది నీ ఏమరుపాటు. ఇంకోటి నీ గడప మీద పడ్డది. అది నీ పాపం. ఏది ముంగల దేవులాడుతవో నువ్వే జెప్పు."

సదాశివ స్వాములు మాణిక్ లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకున్నారు. వేళ్లు దగ్గరగా చేర్చారు, భాగీరథి లాగే. ఏడేళ్ల తర్వాత ఆ అరచేతికి లింగం బరువు తెలిసింది. ఏడుపు ఆపుకోలేదు.

"మాణిక్ ఏడున్నడు బస్వమ్మా? బొంబాయిల ఏ గల్లీల ఉన్నడో చెప్పు. పోత."

బస్వమ్మ తల వంచుకుంది. ఉన్నది చెప్పాలో లేదో తేల్చుకోలేకపోతోంది. మూడేళ్లు కాపాడుకున్న అబద్ధం కదా, ఆమెది కూడా. తల్లి తేల్చుకునేలోపు భాగీరథి తేల్చేసింది. ఎడమ అరచెయ్యి అలాగే చాచి ఉంచి, కుడిచేత్తో గుమ్మం వైపు చూపించింది.

"మా నాయన గాడ చెప్పులిడిసేకాడ కూసున్నడు. లోపలికి రమ్మంటే రానన్నడు. నాకు లింగం గడుతుంటే గంట ఇనబడ్తే సాలన్నడు."

అందరూ ఒక్కసారే గుమ్మం వైపు తిరిగారు. స్వాములు అప్పటికే మెట్లు దిగుతున్నారు.

గోడవారన, చెప్పుల కుప్పల మధ్య, తల మీద రుమాలు కప్పుకుని ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. మూడేళ్లలో పదేళ్లు మీద పడ్డాయి. తలెత్తాడు. స్వాముల ముఖం చూశాడు. చాచిన అరచేతిలో ఏముందో చూశాడు. చూసి, తనది తను గుర్తుపట్టాడు. చప్పున లేచి, రుమాలు ముఖానికి లాక్కుని సందులోంచి సడకు వైపు వడివడిగా నడిచాడు.

"మాణిక్! మాణిక్, ఆగు!"

ఆగలేదు. సందు మలుపులో పటేల్ జీపు నిలిచే ఉంది. లోపల పటేల్ తల వంచుకుని కూర్చున్నాడు. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో. స్వాములు రొప్పుతూ రావడం చూసి తలుపు తెరిచాడు. ఈసారి గొంతులో దర్పం లేదు. "ఎక్కున్రి స్వాములూ. అందుకుందం."

మంజీర ఒడ్డున విన్న పిలుపే. స్వాములు ఆగి, అతని ముఖంలోకి చూశారు. "నడిచే పోత పటేలా. నువ్వు దిగి మఠంలకు నడువు. నీ కోసం గూడ లోపల జనం ఉన్నరు," అని, పరుగెత్తారు.

గంజి ముందు జనం నోళ్లు తెరిచి చూశారు. చెప్పులు లేని కాళ్లతో, కావి పంచె ఎగగట్టి, ఒక చెయ్యి గుండెల దగ్గర పదిలంగా పట్టుకుని స్వాములు సడకు మీద ఉరుకుతుంటే, ఎవరు మాత్రం చూడరు. కోహీర్ పోయే ఎర్రబస్సు అప్పుడే కదులుతోంది. మాణిక్ వెనక తలుపు పట్టుకుని ఎక్కేశాడు. స్వాములు బస్సు రేకు మీద కుడిచేత్తో దబదబా బాదారు. ఎవరో విజిల్ వేశారు. బస్సు ఆగింది.

ఆయన ఎక్కారు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చినా కూర్చోలేదు. చిట్టచివరి సీటులో రుమాలు కప్పుకున్న తల కిటికీ వైపు తిరిగి ఉంది, ఇటు చూడడం లేదు. కండక్టరు టికెట్ల కట్ట సర్దుకుంటూ వచ్చాడు.

"యాడికి స్వామీ?"

స్వాములు అరచేతిలోని లింగాన్ని ఒకసారి చూసుకున్నారు. చెయ్యి ఇప్పుడు వణకడం లేదు.

"ఆయన యాడ దిగుతే ఆడికి," అన్నారు.